నాకు అన్నీ వినబడుతున్నాయి

2023 దసరా సెలవుల్లో నన్ను కట్లపాము కరిచింది. కరిచిన సంగతి నాకు తెలియదు. పామును నేను చూడలేదు. నాతో వచ్చినవాళ్లూ చూడలేదు. తెల్లారాక మేం దిగిన ఇంటివాళ్లు గదిలో బస్తాలన్నీ జరిపి వెతికినా దొరకలేదు. ఒంటి మీద గాటు కూడా కనబడలేదు. అయినా పొద్దెక్కేసరికి నా ఊపిరి ఆగిపోయింది.

నేను విజయనగరంలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందు డాక్టరుగారు ఒక మాటన్నారు. "లోపల మీకెలా ఉండిందో రాయండమ్మా. మాకు బయటికి కనబడేదే తెలుసు." చాలాకాలం రాయలేకపోయాను. రాద్దామని కూర్చుంటే గొంతు పట్టేసేది. మనవైపు కొండలూ తోటలూ చూడ్డానికి బయల్దేరేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. పల్లెల్లో నేల మీద పడుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఇప్పటికి రాస్తున్నాను.

ఆ ప్రయాణం మా తమ్ముడి ఆలోచన. వాడు విశాఖలో ఉద్యోగం చేస్తాడు. అరకు, బొర్రా ఎన్నిసార్లు చూస్తాం, ఈసారి శ్రీకాకుళం చివరిదాకా పోదాం అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. మా ఆయన సరే అన్నారు. పక్షులంటే ప్రాణం పెట్టే తమ్ముడి స్నేహితుడు కూడా కలిశాడు. నలుగురం, రెండు బళ్లు. పాపను మా అమ్మ దగ్గర వదిలాం.

శుక్రవారం బయల్దేరాం. రామతీర్థంలో బోధికొండ ఎక్కాం. శాలిహుండం స్తూపాల దగ్గర నిలబడి కింద వంశధారను చూశాం. సాయంత్రానికి ఆ వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం చేరాం. శనివారం పొద్దున టెక్కలి దగ్గర తేలినీలాపురం. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఏ ఏడు పక్షులు రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. మధ్యాహ్నం పలాస దాటి మందసలో ఆగి కోవా తిన్నాం. చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం సంగతి కూడా చెప్పాలి కదా.

ఆదివారం మహేంద్రగిరి ఎక్కాలని ఏర్పాటు. 1501 మీటర్ల ఎత్తు. శిఖరం ఒడిశాలో గజపతి జిల్లాలోకి వస్తుంది. పైన భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనమూ ఎక్కుతారు. మాకు మందస వైపు కాలిబాట చూపించడానికి ఒక సవర పెద్దాయన ఒప్పుకున్నాడు. రాత్రికి కొండ కింద ఊళ్లో, తమ్ముడి స్నేహితుడికి తెలిసిన జీడితోట రైతు ఇంట్లో దిగాం.

ఇంట్లో రైతు, భార్య, ముసలి తల్లి. పప్పు, వంకాయ కూర, ఎండుచేపల పులుసు పెట్టారు. మగవాళ్లు ముగ్గురూ డాబా మీదికి పోయారు. నాకు లోపల గదిలో చోటిచ్చారు. ఆ గదిలో ఒకటే మంచం. అది ముసలమ్మది. "మంచమెక్కి తొంగో తల్లీ, నాను కింద తొంగుంటాను" అందామె. ఎనబయ్యేళ్ల మనిషిని కింద పడుకోబెట్టి నేను మంచమెక్కలేను. చాప పరుచుకుని గోడ పక్కన పడుకున్నాను. గోడకి జీడిపిక్కల బస్తాలు ఆనించి ఉన్నాయి. వాటి వెనక ఎలకలు తిరిగే చప్పుడు విని నవ్వుకున్నాం కూడా.

రాత్రి ఎప్పుడో ఎడమ మోచేతి దగ్గర చిటుక్కుమన్నట్టయింది. దోమ అనుకుని చేయి దులుపుకుని పడుకున్నాను. నిజంగానే అలా జరిగిందో, తర్వాత నా మనసు కల్పించుకుందో గట్టిగా చెప్పలేను.

ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు కడుపు నొప్పితో మెలకువ వచ్చింది. మెలిపెట్టే నొప్పి. పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. ఎండుచేప పడలేదనుకున్నాను. మా ఆయన లేచి కిందికి వచ్చారు. సంచిలో ఉన్న గ్యాస్ మాత్ర ఇచ్చారు. మింగుడు పడలేదు. గొంతులో అడ్డంగా ఏదో ఉన్నట్టుంది. ఆ ఇంటివాళ్లు ఊళ్లో మందులిచ్చే ఆయన్ని లేపి తీసుకొచ్చారు. గ్యాస్ పట్టేసిందని ఇంజెక్షన్ చేశాడు. అతన్ని నేను తప్పు పట్టలేను. గాటు లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. నొప్పి చూస్తే కడుపులో.

కాసేపటికి ఇద్దరు మా ఆయనలు కనబడ్డారు. కళ్లు నలుపుకున్నాను. నిద్ర వస్తోందా అని అడిగారు. రావడం లేదు. కానీ రెప్పలు వాలిపోతున్నాయి. ఎత్తుదామంటే లేవడం లేదు. వేలితో పైకి పట్టుకుని చూశాను. అప్పుడు భయమేసింది. మాట్లాడితే మాట ముక్కులోంచి వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ముసలమ్మ మంచం దిగి వచ్చింది. దీపం దగ్గరకు నన్ను తిప్పి, గడ్డం పట్టుకుని చూసింది. "ఓలమ్మో! రెప్పలెత్తనేకపోతంది. ఇది కడుపు నొప్పి కాదు బాబూ. కట్లపాము ముట్టింది. ఎంటనే పెద్దాసుపత్రికి పట్టుకెళ్లిపోండి" అంది.

ఆమె భర్త అలాగే పోయాడట. ఎన్నో ఏళ్ల కిందట, కోతల కాలంలో, కళ్లంలో పడుకుని లేచాడట. కడుపు నొప్పంటే వాము నీళ్లు తాగించారట. రెప్పలు వాలితే నిద్రపోతున్నాడనుకున్నారట. ఈ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ పూట ఆమె ఒక్కమాటే పట్టుకుని కూర్చుంది. ఎవరో మంత్రం వేసే ఆయన పక్క ఊళ్లో ఉన్నాడు, వేయించుకుని వెళ్లండి అన్నారు. "మంత్రానికి ఆగితే పేనం ఆగదు" అని కసిరింది. రైతు తాడు తెచ్చి చేతికి కట్టబోయాడు. తమ్ముడి స్నేహితుడు వద్దని ఆపాడు. కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చెయ్యకూడదని అతనికి తెలుసు. పాములవాళ్లతో తిరిగినవాడు.

108కి ఫోన్ చేశారు. బండి ఊళ్లోకి రావడానికి ఆలస్యమవుతుందని మమ్మల్ని రోడ్డు మీదికి రమ్మన్నారు. రైతు మోటారు సైకిల్ తీశాడు. అతని వెనక నన్ను కూర్చోబెట్టారు. నా వెనక మా ఆయన. ముసలమ్మ తన పాత చీరతో మమ్మల్ని ముగ్గుర్నీ కలిపి చుట్టి కట్టింది. తల నిలవడం లేదు. రైతు వీపు మీద వాలిపోయింది. ఉమ్మి మింగలేకపోతున్నాను. అది నోట్లోంచి కారి అతని చొక్కా తడిసింది. ఆ సిగ్గు బాగా గుర్తుంది. ప్రాణం పోతున్నప్పుడు సిగ్గేమిటని మీరు అనుకోవచ్చు. ఉంటుంది. పరాయి మగాడి వీపు మీద చొల్లు కారుస్తున్నానని ఏడుపొచ్చింది. పాపను అమ్మ దగ్గరే ఉంచమని మా ఆయనకు చెప్పబోయాను. "పా" అన్న అక్షరం దాటలేదు.

108 వచ్చింది. ముందు చేరిన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు రెప్పలు చూసి, పేరు కూడా అడక్కుండా మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పాము విషానికి విరుగుడు మందు. పది సీసాలు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. నాలుగింటికీ ఒకటే మందు. అందుకే పామును చంపి తెచ్చి చూపించాల్సిన పని లేదు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి నెత్తురు నుంచి ఈ మందు తీస్తారు. దానికి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ సంఘం 1978లో ఏర్పడింది. ఆ చేతుల్ని నేను చూడలేదు. దండం పెట్టుకుంటాను.

మందు ఎక్కుతుండగా ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వణుకు పుట్టింది. గుర్రం నెత్తురు నుంచి వచ్చిన మందు కొందరికి పడదు. దానికీ సిద్ధంగానే ఉన్నారు. వేరే ఇంజెక్షన్ చేశారు, దద్దుర్లు తగ్గాయి. ఊపిరి మాత్రం తగ్గుతూ వచ్చింది. గుండెల మీద ధాన్యం బస్తా పెట్టినట్టుంది. పీలుద్దామంటే రొమ్ము లేవడం లేదు. అరవాలనుకున్నాను. మంచం కమ్మీ పట్టుకుని గింజుకున్నాను. నర్సు చేయి నా గోళ్లకు గీరుకుపోయింది. అది ధైర్యమేమీ కాదు, వట్టి పిచ్చి భయం. నోట్లోంచి గొట్టం దింపారు. కళ్లు మూతపడ్డాయి. మళ్లీ వాటంతట అవి తెరుచుకోవడానికి రోజులు పట్టింది.

అక్కడ వెంటిలేటర్ ఖాళీ లేదు. వేరే పెద్దాసుపత్రికి పంపారు. 108లో నా తల దగ్గర ఒక అబ్బాయి కూర్చున్నాడు. అబ్బాయే అయ్యుండాలి, గొంతు అలా ఉంది. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కుతున్నాడు. నొక్కితే గాలి లోపలికి వస్తుంది. వదిలితే బయటికి పోతుంది. అతను నొక్కితేనే నాకు ఊపిరి. జాతీయ రహదారి మీద బండి గంటకు పైగా పోయింది. ఒక్కోసారి నొక్కడం కొంచెం ఆలస్యమయ్యేది. చేయి మార్చుకునేవాడు కాబోలు. ఆ క్షణంలో లోపల నేను అరిచేదాన్ని. బయటికి ఏమీ రాదు. తర్వాత గాలి వచ్చేది. "చెయ్యి పీకేస్తే నాకివ్వు అన్నా" అని తమ్ముడు అన్నాడు. "వద్దు బాబూ, లయ తప్పుతాది. మాటాడకు, నాను లెక్కపెడతన్నాను" అన్నాడతను. గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ లెక్క పట్టుకుని ఉన్నాను.

మత్తు ఇచ్చారేమో, మధ్యలో కొంత గుర్తులేదు.

ఆదివారం సాయంత్రం ఐసీయూలో తెలివి వచ్చింది. తెలివి అంటే వినబడటమే. కళ్లు తెరవలేను. మెడ కదలదు, చేయి కదలదు. యంత్రం శబ్దం, నర్సుల మాటలు, బయట ఎక్కడో మైకులో అమ్మవారి పాటలు. ఆ రోజు దుర్గాష్టమి. పండగనాడు కూడా ఆ గది నిండా పనిచేసేవాళ్లు ఉన్నారు.

తమ్ముడు వచ్చి చెవి దగ్గర అన్నాడు. "అప్పా, వినబడతందా? వినబడితే కాలి బొటనవేలు కదుపు." నాకున్న బలమంతా ఆ వేలికి పంపాను. కదిలింది. వాడు ఏడ్చాడు. ఆ తర్వాత కొన్ని గంటలు అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. దాహంగా ఉందా. పాప బాగుంది, మాట్లాడాను. నీకు నొప్పిగా ఉందా. అలా అడిగేవాడు.

సోమవారం, దసరా రోజు, ఆ వేలు కూడా కదలడం మానేసింది.

ఆ రోజే అన్నిటికంటే కష్టం. చూడ్డానికి మా దూరపు బంధువొకాయన వచ్చాడు. ఆ వేళ లోపలికి ఒక్కర్నే పంపారు. అప్పుడే డాక్టరుగారు నా రెప్పలెత్తి టార్చి వేసి చూస్తున్నారు. కంటిపాపలు పెద్దవై ఉన్నాయట, వెలుతురుకు చిన్నవి కావడం లేదట. ఆ బంధువు చూశాడు. "కళ్లలో జీవం లేదండీ. అయిపోయినట్టే కదా. ఊరికే యంత్రం మీద ఉంచడమెందుకు, ఇంటికి తీసుకుపోతాం" అన్నాడు.

నేను విన్నాను. వేలు కదపాలని చూశాను. నాలుక, పెదవి, ఏదో ఒకటి. ఏదీ లేదు. వీళ్లు యంత్రం తీసేస్తారు, నన్ను తీసుకుపోతారు, నాకు అన్నీ తెలుస్తూ ఉంటాయి. ఈ ఆలోచన తప్ప ఇంకేదీ లేదు నాలో. దేవుడు గుర్తు రాలేదు. పాప కూడా గుర్తు రాలేదు. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది. అప్పుడు నాకు నా ఊపిరే కావలసి వచ్చింది.

డాక్టరుగారు గొంతు పెంచకుండానే చెప్పారు. "కట్లపాము కరిస్తే కంటిపాపలు ఇలాగే ఉంటాయి. మెదడుకేమీ కాలేదు. మనం మాట్లాడేది ఆవిడకి వినబడుతుంది. దయచేసి బయటికి నడవండి." తర్వాత నా వైపు వంగి, "అమ్మా, విన్నారు కదా. యంత్రం ఎవరూ తీయరు. నరాల కొసలు దెబ్బతిన్నాయి. మళ్లీ వస్తాయి. టైము పడుతుంది. అంతవరకూ ఊపిరి సంగతి మాకొదిలెయ్యండి" అన్నారు.

ఆ మాట అనకపోతే ఆ రాత్రి నా మనసు ఏమయ్యేదో తెలియదు.

ఆయనే తర్వాత వివరంగా చెప్పారు. కట్లపాము విషం నరం కొసను పాడుచేస్తుంది. నరం నుంచి కండకు కబురు అందదు. విరుగుడు మందు నెత్తురులో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది. నరానికి అప్పటికే అయిన నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. ఆ కొసలు మళ్లీ పెరిగేదాకా రోగికి ఎవరో ఒకరు ఊపిరి పోస్తూ ఉండాలి. కొందరికి రోజులు, కొందరికి వారాలు. అందుకే మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది. అందుకే వెంటిలేటర్ ఉన్న చోటికి పోవాలి. కాటు నొప్పి ఉండదు. వాపు రాదు. నిద్రలో కరిస్తే చాలామందికి తెలియదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పంటే, గొంతు పట్టేసిందంటే, రెప్పలు వాలుతుంటే పాము అనే అనుకుని పరుగెత్తాలి.

2001లో ఉత్తర బర్మా అడవుల్లో జో స్లొవిన్‌స్కీ అనే అమెరికన్ పాముల శాస్త్రవేత్తను కట్లపాము జాతికే చెందిన ఒక పాము కరిచింది. విరుగుడు లేదు, వెంటిలేటర్ లేదు. తోటివాళ్లు గంటలకొద్దీ వంతులు వేసుకుని నోటితో నోట్లోకి ఊపిరి ఊదారు. హెలికాప్టర్ రాలేకపోయింది. ఆయన బతకలేదు. తమ్ముడి స్నేహితుడు ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఆ తోటివాళ్ల గురించే ఆలోచించాను. ఊదినంతసేపూ ఆయన వింటూ ఉండుంటాడు.

మంగళవారం నెలసరి వచ్చింది. నాకే ముందు తెలిసింది. చెప్పడానికి దారి లేదు. పక్క తడుస్తోంది. గంటలు గడిచాయి, లేక నాకలా అనిపించింది. ఆయా చూసింది. తెర లాగి, వేడినీళ్లు తెచ్చి ఒళ్లు తుడిచింది. "ఏటీ అనుకోకు తల్లీ. నాకూ ఆడపిల్లలున్నారు" అంటూ తుడిచింది. తలకు నూనె రాసి జడ వేసింది. చంటిపిల్లలకు కట్టినవే నాకూ కట్టారు. నలబై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషిని, పిల్లలకు క్రమశిక్షణ నేర్పేదాన్ని. మొదట చచ్చిపోవాలనిపించింది. తర్వాత ఆమె డ్యూటీ ఎప్పుడా అని ఎదురుచూశాను.

రాత్రి డ్యూటీ నర్సు గురించి కూడా చెప్పాలి. గొంతులో కఫం తీసేటప్పుడు ఊపిరాడదు. చాలా భయంగా ఉంటుంది. ఆమె ప్రతిసారీ ముందే చెప్పేది. "అమ్మా, ఇప్పుడు గొట్టం పెడుతున్నాను. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేస్తాను." మూడు అనేలోపే తీసేసేది. చెప్పకుండా చేసేవాళ్లూ ఉండేవారు. వాళ్లు చేసిందీ నా మంచికే. కానీ చెప్పి చేయడం, చెప్పకుండా చేయడం కదల్లేనివాళ్లకు ఒకటి కాదు. రెప్పలు పూర్తిగా మూతపడవు కాబట్టి కళ్లలో చుక్కలు వేసి టేపు అంటించేది. "లైటు ఆర్పుతున్నాను, రాత్రి పదయింది" అని గడియారం చెప్పేది. నాకు పగలూ రాత్రీ ఆమే ఇచ్చింది.

బుధవారం ఎడమ కాలి వేళ్లు కదిలాయి. గురువారం చేతి వేళ్లు. తమ్ముడు నా అరచేతిలో అక్షరాలు రాసేవాడు, నేను వాడి చేతిలో రాసేదాన్ని. మొదట రాసిన మాట "యంత్రం". తీసేస్తారా అని నా ప్రశ్న. వాడికి అర్థం కాలేదు. రెండు రోజులూ అదే రాశాను.

శుక్రవారం ఒక రెప్ప సందు ఇచ్చింది. మా ఆయన గడ్డం పెరిగి, పాలిపోయి కనబడ్డారు. ఆయన్ని చుట్టాలు ఏమేమి అన్నారో నేను విన్నాను. ఆడమనిషిని కొండలెంట తిప్పాడని, ఉద్యోగస్తురాలిని పోగొట్టుకుంటున్నాడని, నా పక్కనే నిలబడి అన్నారు. ఆయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. వెళ్దామని పట్టుపట్టింది నేను. ఆ మాట చెప్పే నోరు నాకప్పుడు లేదు. ఇక్కడ చెబుతున్నాను.

తర్వాతి ఆదివారం, 29వ తేదీ, గొట్టం తీశారు. కాసేపు నా ఊపిరిని నేను నమ్మలేదు. నిద్రపోతే ఆగిపోతుందని కళ్లు మూయలేదు. ఆ రాత్రే కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు గుద్దుకున్నాయన్న వార్త వచ్చింది. 14 మంది పోయారు. వార్డులో అందరూ ఫోన్లు పట్టుకుని తమవాళ్ల కోసం ఆరా తీస్తున్నారు. మా ఊరి వైపు రైళ్లే. మంచం మీద పడుకుని, నాకొచ్చిన ఊపిరి తీసుకుంటూ, ఆ ఫోన్లు వింటూ ఉన్నాను.

మంగళవారం మా ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. మా అమ్మ ఏ ఏడూ వెళ్లడం మానదు. ఆ ఏడు నా మంచం దగ్గరే ఉండిపోయింది. నాకు స్పూనుతో జావ పట్టింది. మింగడం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో మందుకు, వెంటిలేటర్‌కు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో పాము విరుగుడు ఉచితంగానే ఇస్తారు. ఈ సంగతి తెలియక దారిలో ఆగిపోయేవాళ్లు, డబ్బు కూడబెట్టుకుని బయల్దేరేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కకట్టారు. ఏడాదికి సుమారు 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది, పక్కనున్న ఒడిశా కూడా ఉంది. చాలామంది పల్లెల్లోనే, ఆసుపత్రికి చేరకుండానే పోతున్నారు. 2030 నాటికి ఈ చావుల్ని సగం చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. బడిలో పిల్లలకు ఈ అంకెలు చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగా ఉండదు. పిల్లలకది తెలుస్తుంది.

సంక్రాంతికి ఆ ఊరు వెళ్లాం. ముసలమ్మకు చీర, ఒక మంచం, రెండు దోమతెరలు పట్టుకెళ్లాం. దోమతెర అంచులు పక్క కిందికి దోపుకుంటే పాము లోపలికి రాలేదు. ఆమె చీర తీసుకుంది. మంచం చూసి, "ఆ రేత్రి నిన్ను మంచమెక్కించుంటే" అని కూలబడి ఏడ్చింది. అన్ని రోజులూ ఆమె అదే మోసింది. నన్ను బతికించింది ఆమేనని ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపింది. రైతుకు కొత్త చొక్కా ఇచ్చాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. మా ఆయన్ని లేపి నా రెప్పలు చూడమంటాను. టార్చి వేసి చూసి బాగానే ఉన్నాయి పడుకో అంటారు. కొన్ని రాత్రులు రెండుసార్లు అడుగుతాను. రెండుసార్లూ చూస్తారు. మహేంద్రగిరి ఇంకా ఎక్కలేదు. ఎక్కాలని ఉంది.

ఆయాకు, రాత్రి డ్యూటీ నర్సమ్మకు, డాక్టరుగారికి, నా గోళ్లు గీరుకున్న నర్సుకు ఎదురుగా నిలబడి దండం పెట్టగలిగాను. 108లో సంచి నొక్కిన అబ్బాయి మాత్రం దొరకలేదు. అడిగితే వేరే బండికి మారాడన్నారు. పేరు తెలియదు. ముఖం చూడలేదు. బాబూ, ఆ దుర్గాష్టమి పొద్దున్న మీ లెక్క పట్టుకుని ఉన్న మనిషిని నేనే. బతికాను. బడికి వెళుతున్నాను.